మీరు 16 పోర్టులు అడిగారు, నేను 4 చాలంటున్నాను

మీరు రాసినది నాకు అర్థమైనంతవరకు ఇది. కోరమంగళలో మీ సంస్థకు ఒక చిన్న సర్వర్ గది, అందులో ఒకే ర్యాక్ (సర్వర్లను పేర్చే ఇనుప చట్రం), 11 సర్వర్లు ఉన్నాయి. ఆరు డెల్ కంపెనీవి, రెండు హెచ్‌పీఈవి, మిగిలిన మూడు విడిభాగాలు కొని కూర్చుకున్నవి. అన్నిటికీ కలిపి ఉన్నది ఒక మానిటర్, ఒక కీబోర్డు. ఏది మొరాయిస్తే దాని వెనక్కి దూరి కేబుళ్లు మార్చుకుంటున్నారు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో ఒకాయన 16 పోర్టుల పాత కేవీఎం స్విచ్ (ఒకే కీబోర్డు, తెర, మౌస్‌ను చాలా సర్వర్లకు పంచే పెట్టె) చవకగా ఇస్తానన్నాడు. దానికి నెట్‌వర్క్ పోర్టు కూడా ఉంది కాబట్టి ఇంటి నుంచే చూసుకోవచ్చని ఆశ పెట్టాడు. అది తీసుకోవాలా, 4కే తెరను మోసే కొత్తది తీసుకోవాలా అని అడిగారు.

రెండూ వద్దు. ఎందుకు వద్దో చెప్పడానికి కొంచెం చోటు పడుతుంది, ఓపిక పట్టండి. నేను బెంగళూరులో ఇరవై ఏళ్లుగా ఇలాంటి గదుల చలిలోనే బతుకుతున్నాను. ఇప్పుడు నేను చెప్పబోయే తప్పుల్లో చాలావరకు నేను చేసినవే.

ముందు ఒక చిన్న మాట. అంతర్జాలంలో కేవీఎం అని వెతికితే సగం ఫలితాలు లినక్స్‌లో వర్చువల్ యంత్రాలు నడిపే కేవీఎం గురించి వస్తాయి. అది 2007లో 2.6.20 కెర్నల్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్. మనం మాట్లాడుకుంటున్నది కీబోర్డు, వీడియో, మౌస్ పంచే పెట్టె. మీ ప్రశ్న కింద ఒకరు మీకు ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపే లిబ్‌వర్ట్ సెట్టింగులు చెబుతున్నారు. పాపం, ఆయన తప్పు లేదు.

ఇక అసలు విషయం. కొనే ముందు టార్చిలైటు పట్టుకుని ర్యాక్ వెనక్కి వెళ్లండి. మీ ఆరు డెల్ సర్వర్ల వెనక ఐడ్రాక్ అని రాసిన నెట్‌వర్క్ పోర్టు, రెండు హెచ్‌పీఈ సర్వర్ల వెనక ఐలో అని రాసిన పోర్టు ఉంటాయి. పందెం కాస్తాను, ఎనిమిదింటిలో కనీసం ఐదింటికి అక్కడ కేబులే ఉండదు. ఆ పోర్టు వెనక సర్వర్‌తో సంబంధం లేకుండా పనిచేసే ఒక చిన్న కంప్యూటర్ ఉంది. దాన్ని బీఎంసీ అంటారు. సర్వర్ ఆఫ్ చేసి ఉన్నా, కరెంటు తీగ తగిలి ఉంటే చాలు, అది మేలుకునే ఉంటుంది. సర్వర్‌ను ఆన్ చేయడం, ఆఫ్ చేయడం, ఫ్యాన్ల వేగం, ఉష్ణోగ్రత, ఏ మెమరీ ముక్క పాడైందో చెప్పే చిట్టా, అన్నీ దాని దగ్గరే దొరుకుతాయి. కేవీఎం స్విచ్ ఎంత ఖరీదైనదైనా ఇందులో సగం పనులు చేయలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, తెలియక చాలామంది నిరాశపడతారు. డెల్‌లో తెరను దూరం నుంచి చూసే సౌకర్యానికి సాధారణంగా ఎంటర్‌ప్రైజ్ లైసెన్సు కావాలి. హెచ్‌పీఈ ర్యాక్ సర్వర్లలో లైసెన్సు లేకపోయినా బయోస్ దశ వరకు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాము వరకు, తెర కనిపిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మొదలవగానే అడ్వాన్స్‌డ్ లైసెన్సు అడిగి తలుపు మూసేస్తుంది. అయినా మనకు తెర కావలసింది చాలాసార్లు బయోస్ దగ్గరే కాబట్టి అది కూడా అక్కరకు వస్తుంది. మీ సర్వర్లలో ఏ లైసెన్సు ఉందో లాగిన్ అయితే మొదటి పేజీలోనే కనిపిస్తుంది. పాత కొనుగోలు బిల్లులు కూడా తిరగేయండి. చాలా సంస్థలు ఎంటర్‌ప్రైజ్ లైసెన్సుకు డబ్బు కట్టి, ఆ పోర్టుకు కేబుల్ పెట్టడం మరచిపోయాయి. నేను చూశాను.

ఈ ఎనిమిదింటి బీఎంసీ పోర్టుల నుంచి ఒక మామూలు నెట్‌వర్క్ స్విచ్‌కు కేబుళ్లు లాగితే, కేవీఎం స్విచ్ అవసరమైనవి మీకు మిగిలేవి ఆ మూడు కూర్చిన యంత్రాలే. నెట్‌వర్క్ మొత్తం పడిపోయినా ల్యాప్‌టాప్‌ను నేరుగా ఆ చిన్న స్విచ్‌కు తగిలించుకోవచ్చు. బీఎంసీయే మొండికేసే రోజు కూడా ఒకటి వస్తుంది. అప్పుడు కరెంటు తీగలు రెండూ పీకి, కాసేపు ఆగి మళ్లీ పెట్టాలి. ఆ రోజు కోసం మీ దగ్గర ఇప్పుడున్న మానిటర్‌నూ కీబోర్డునూ చక్రాల బల్ల మీద అలాగే ఉంచండి. చాలా ర్యాక్ సర్వర్లకు ముందువైపే వీజీఏ (తెర తగిలించేది), యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి, వెనక్కి దూరే పని కూడా ఉండదు.

కాబట్టి కొనవలసింది 4 పోర్టుల స్విచ్. మూడు యంత్రాలకు మూడు, రేపు వచ్చే నాలుగోదానికి ఒకటి. 16 పోర్టుల డబ్బుతో 4 పోర్టులది మంచిది వస్తుంది. ఇప్పుడు ఆ మంచిది అంటే ఏమిటో చూద్దాం.

సుమారు పన్నెండేళ్ల కిందట పీణ్యలో ఒక ఫ్యాక్టరీ సర్వర్ గదిని చూసుకునేవాణ్ని. అక్కడ 8 పోర్టుల స్విచ్ ఉండేది. కొన్నది నేనే. పక్క దుకాణంలో ఉన్న దానికన్నా సగం ధరకే వచ్చిందని మురిసిపోయి కొన్నాను. ఏడాదిపాటు ఏ ఇబ్బందీ లేదు. ఒక వేసవి రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, యూపీఎస్ బ్యాటరీలు చేతులెత్తేశాయి. తెల్లవారుజామున మూడింటికి కరెంటు వచ్చి సర్వర్లన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి, ఒకటి తప్ప. ఐదో పోర్టుకు మారి చూస్తే తెర మీద ఒక హెచ్చరిక. రెయిడ్ కార్డు (డిస్కులను కలిపి నడిపేది) బ్యాటరీ బలహీనపడింది, ముందుకు సాగడానికి ఒక కీ నొక్కమంటోంది. నొక్కాను. కదలలేదు. కీబోర్డు మీద దీపం కూడా వెలగలేదు. మళ్లీ రీస్టార్ట్ చేశాను, మళ్లీ అదే. చివరకు కీబోర్డు ఊడదీసుకుని ర్యాక్ వెనక్కి పాకి నేరుగా సర్వర్‌కే గుచ్చితే అప్పుడు కదిలింది. సర్వర్ వెనక్కి పాకే బాధ తప్పించడానికి కొన్న పెట్టె అది!

ఆ స్విచ్ లోపల ఉన్నది ఒట్టి యూఎస్‌బీ హబ్. మీరు రెండో పోర్టు నొక్కిన ప్రతిసారీ మొదటి సర్వర్ నుంచి కీబోర్డును పీకి రెండోదానికి గుచ్చినట్టే. విండోస్, లినక్స్ నడుస్తున్నప్పుడు ఒకటి రెండు సెకన్లలో గుర్తుపట్టేస్తాయి, మనకు తేడా తెలియదు. బయోస్ అలా కాదు. మొదలయ్యేటప్పుడు ఒకసారి కీబోర్డు కోసం చూస్తుంది. ఆ క్షణానికి స్విచ్ వేరే పోర్టు మీద ఉంటే, కీబోర్డు లేదనుకుని తన దారిన తాను పోతుంది. ఆ తర్వాత వచ్చినదాన్ని కొన్ని బయోస్‌లు గుర్తుపడతాయి, కొన్ని పట్టవు. గుర్తుపట్టినా, బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లే ఎఫ్2 నొక్కడానికి ఇచ్చే ఆ కొద్ది సెకన్ల గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది.

మంచి స్విచ్ ఈ పని వేరేగా చేస్తుంది. అది ప్రతి పోర్టు మీదా ఎప్పుడూ ఒక కీబోర్డు, ఒక మౌస్ ఉన్నట్టు తానే నటిస్తుంది. మీరు ఏ పోర్టు మీద ఉన్నా, అన్ని సర్వర్లకూ తమ కీబోర్డు తమ దగ్గరే ఉందన్న భ్రమ. దీన్నే ఎమ్యులేషన్ అంటారు. పెట్టె మీద ఆ మాట కోసం వెతకండి. పోర్టుల సంఖ్య, తెర నాణ్యత, లోహపు డబ్బా, ఇవన్నీ దీని తర్వాతే.

పెట్టె మీద రాసినదాన్ని కూడా పూర్తిగా నమ్మకండి. దుకాణంలోనే తేల్చుకోవచ్చు. రెండు కంప్యూటర్లు తగిలించమని అడగండి. అడిగితే విసుక్కునే దుకాణంలో కొనకండి, అంతే. రెండింటిలోనూ విండోస్ నడుస్తుండగా ఒకదాని నుంచి ఒకదానికి మారండి. మారినప్పుడల్లా కొత్త పరికరం తగిలించినట్టు విండోస్ టింగుమని మోగితే అది హబ్. మోగకపోతే రెండో పరీక్ష పెట్టండి. ఒకటో పోర్టులో క్యాప్స్ లాక్ వేసి, రెండోదానికి వెళ్లి తిరిగి రండి. దీపం వెంటనే దాని స్థితికి వస్తే మంచిదే. అసలు పరీక్ష మూడోది. స్విచ్‌ను ఒకటో పోర్టు మీద ఉంచి రెండో కంప్యూటర్‌ను పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేయండి. తర్వాత రెండోదానికి మారి బయోస్‌లోకి వెళ్లడానికి ప్రయత్నించండి. మూడుసార్లలో మూడుసార్లూ వెళ్లగలిగితే డబ్బు ఇవ్వండి. పీణ్యలో నేను ఆ ఐదు నిమిషాలు ఖర్చు పెట్టి ఉంటే ఆ రాత్రి నేల మీద పాకేవాణ్ని కాదు.

ఎమ్యులేషన్‌కు ఒక ఇబ్బంది ఉంది. నటించేది స్విచ్ కాబట్టి, అదనపు బటన్ల గేమింగ్ కీబోర్డులు, కొన్ని వైర్‌లెస్ జతలు దానికి అర్థం కావు. స్విచ్ కొన్న బిల్లులోనే ఒక సాదా వైరు కీబోర్డు కూడా రాయించండి. దాని మీద స్క్రోల్ లాక్ ఉందో లేదో చూడండి. చాలా స్విచ్‌లు స్క్రోల్ లాక్‌ను రెండుసార్లు నొక్కితే పోర్టు మారుస్తాయి. ఆ కీ లేని చిన్న కీబోర్డులు ఇప్పుడు ఎక్కువయ్యాయి. అన్నట్టు, లినక్స్ అక్షరాల తెర మీద స్క్రోల్ లాక్ ఒక్కసారి పడితే తెర ఆగిపోతుంది. సర్వర్ బిగుసుకుపోయిందనుకుని దాన్ని రీస్టార్ట్ చేసిన మహానుభావులు ఉన్నారు. కంగారు పడకుండా ఇంకోసారి నొక్కి చూడండి.

తెర సంగతికి వస్తే, 4కే గురించి ఆలోచించడం మానేయండి. కంపెనీ సర్వర్లలో చిత్రాన్ని పంపేది మ్యాట్రాక్స్, ఆస్పీడ్ వంటి చిన్న చిప్పులు. వాటిలో ఎక్కువ వాటి పరిమితి 1920×1200. మీ మూడు కూర్చిన యంత్రాలు అంతకన్నా ఎక్కువ ఇవ్వగలిగినా, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చదవడానికి అది ఎందుకు? 60 హెర్ట్జ్‌లో 4కే కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 స్థాయి స్విచ్ కావాలి, కేబుళ్లూ ఆ స్థాయివే కావాలి, ఖర్చు పెరుగుతుంది. బల్ల మీద రెండు కంప్యూటర్లతో రోజంతా బొమ్మలు గీసేవాళ్లు దాని గురించి ఆలోచించాలి.

ఆలోచించవలసింది ఈడీఐడీ గురించి. ప్రతి మానిటర్ తన దగ్గర 128 బైట్ల పరిచయ చీటీ ఒకటి పెట్టుకుంటుంది. నేను ఫలానా, నాకు ఫలానా కొలతల చిత్రం పనికివస్తుంది అని అందులో ఉంటుంది. కొత్త మానిటర్లు దానికి ఇంకో పేజీ అతికిస్తాయి. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ఆ చీటీ చదివి చిత్రం పంపుతుంది. చవక స్విచ్‌లో మీరు వేరే పోర్టు మీద ఉంటే ఆ చీటీ అందదు. మానిటరే లేదనుకుని కొన్ని గ్రాఫిక్స్ కార్డులు చిత్రం పంపడమే మానేస్తాయి. మీరు తర్వాత ఆ పోర్టుకు వస్తే నల్ల తెర స్వాగతం చెబుతుంది, సర్వర్ చచ్చిందనుకుంటారు. చీటీ నకలు తన దగ్గర ఉంచుకుని అన్ని పోర్టులకూ ఎప్పుడూ చూపించే స్విచ్ కావాలి. దుకాణంలో పెట్టే మూడో పరీక్షలోనే ఇది కూడా తేలిపోతుంది.

మీ బల్ల సర్వర్ గదికి 25 మీటర్ల దూరం, అక్కడిదాకా కేబుల్ లాగవచ్చా అని మధ్యలో అడిగారు. వీజీఏ కేబుల్‌ను అంత దూరం లాగితే అక్షరాల పక్కన నీడలు పడతాయి. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ అయితే అంత దూరం రాదు. నెట్‌వర్క్ కేబుల్ మీదుగా వీజీఏ పంపే పరికరాలు ఉన్నాయి. వాటితో క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ వాడితే మేలనుకుంటారు, చాలాసార్లు కీడే జరుగుతుంది. అందులో నాలుగు జతల తీగల మెలికలు ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఉండడం వల్ల ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకే క్షణంలో చేరవు, అక్షరాలకు రంగుల అంచులు వస్తాయి. అక్కడ పాత క్యాట్ 5ఈ నయం. అయినా మీకు ఇదంతా అవసరం లేదు. 25 మీటర్లకూ 25 కిలోమీటర్లకూ మందు ఒకటే, నెట్‌వర్క్ మీదుగా చూడడం.

ఆ మాటకు వస్తే, మీకు ఆశ పెట్టిన పాత పెట్టెలోని నెట్‌వర్క్ పోర్టు సంగతి. ఆ తరం పెట్టెల్లో చాలావాటి తెర జావా ద్వారా తెరుచుకుంటుంది. అందుకు వాడే జావా వెబ్‌స్టార్ట్‌ను 2018లో వచ్చిన జావా 11లోనే తీసేశారు. వాటి వెబ్ పేజీ మాట్లాడే పాత టీఎల్ఎస్‌ను (బ్రౌజర్ సంభాషణను గుప్తంగా ఉంచే పద్ధతి) 2020లో బ్రౌజర్లు మానేశాయి. దుకాణదారు తన దగ్గరున్న పాత కంప్యూటర్‌లో తెరిచి చూపిస్తాడు, అది అబద్ధం కాదు. మీ ల్యాప్‌టాప్‌లో తెరవమనండి. నేను ఇలాంటిదే ఒకటి కొని, దానికోసం పాత జావా ఉన్న ల్యాప్‌టాప్ ఒకదాన్ని నాలుగేళ్లు పోషించాను. పైగా 16 పోర్టుల పెట్టెతో 16 కేబుళ్లు ఇస్తున్నాడా అని అడగండి. వాటికి ఆ కంపెనీ ప్రత్యేక కేబుళ్లో, ప్రతి సర్వర్‌కూ ఒక అడాప్టర్ ముక్కో కావాలి. అవి విడిగా కొంటే పెట్టె ధరను మించిపోతాయి. చవకగా ఇవ్వడంలో మర్మం అక్కడే ఉంటుంది.

దానికి బదులు 4 పోర్టుల స్విచ్‌కు మానిటర్ తగిలించే చోట పైకేవీఎం వంటి చిన్న పరికరం పెట్టండి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఆధారంగా పనిచేసే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అది. హెచ్‌డీఎంఐ చిత్రాన్ని బ్రౌజర్‌లో చూపిస్తుంది, కీబోర్డులా నటిస్తుంది, జావా గొడవ లేదు. అందుకని స్విచ్‌ను కూడా హెచ్‌డీఎంఐదే కొనండి. ఇక్కడ ఒక జాగ్రత్త: స్విచ్ ఎమ్యులేషన్, దీని నటన రెండూ ఎదురుబొదురైతే కొన్నిసార్లు పొసగవు. కొన్ని స్విచ్‌లలో దీన్ని కీబోర్డు పోర్టుకు కాక పక్కనున్న హబ్ పోర్టుకు తగిలించాల్సి వస్తుంది. రెండూ కలిపి పరీక్షించాకే డబ్బు కట్టండి, లేదా తిరిగి తీసుకునే షరతు బిల్లు మీద రాయించండి. ఎమ్యులేషన్ పోర్టు మీదుగా ఐఎస్ఓ ఫైలు (ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు నకలు) తగిలించడం కుదరదని కూడా తెలిసి ఉండండి. ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలంటే పెన్‌డ్రైవ్ నేరుగా సర్వర్‌కే. డబ్బు ఇబ్బంది లేదంటే మూడు యంత్రాలకూ మూడు పైకేవీఎంలు పెట్టి స్విచ్ మాటే మరచిపోవచ్చు. నా దగ్గర డబ్బుంటే అదే చేస్తాను.

అర్ధరాత్రి వైట్‌ఫీల్డ్‌లోని మీ ఇంటి నుంచి కోరమంగళకు రావచ్చు, ఆ వేళ రోడ్లు ఖాళీ. అదే సాయంత్రం ఆరింటికి సర్వర్ పడితే సిల్క్‌బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఎంతసేపు నిలబడాలో మీకు తెలియనిది కాదు. ఇంటి నుంచి చూడాలన్న మీ కోరిక న్యాయమైనదే. కానీ బీఎంసీ, పైకేవీఎం ఏవీ ఎట్టి పరిస్థితిలోనూ నేరుగా అంతర్జాలంలోకి తెరవకండి. బీఎంసీలతో మాట్లాడడానికి వాడే ఐపీఎంఐ 2.0 ప్రమాణంలోనే ఒక లోపం ఉంది. వాడుకరి పేరు తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ హ్యాష్‌ను (పాస్‌వర్డ్‌ను మార్చి దాచిన రూపాన్ని) అడిగినవాడికల్లా ఇచ్చేస్తుంది. అది 2013 నుంచి అందరికీ తెలుసు. 2017లో హెచ్‌పీఈ వారి ఐలో నాలుగో తరంలో బయటపడిన లోపం ఇంకా విచిత్రం. అభ్యర్థనలో ఒక చోట ఆంగ్ల అక్షరం ఏ 29 సార్లు పంపితే పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి రానిచ్చేది. 2.54 ఫర్మ్‌వేర్‌తో (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) సరిచేశారు. మీ హెచ్‌పీఈలు ఆ తరానివైతే ఈ రోజే వెర్షన్ చూసుకోండి. వీటన్నిటినీ విడిగా ఒక వీల్యాన్‌లో (మిగతాదానితో కలవని నెట్‌వర్క్ భాగం) పెట్టి, వీపీఎన్ (బయటి నుంచి వచ్చే గుప్తమైన దారి) ద్వారానే లోపలికి రండి. కంపెనీ ఇచ్చిన మొదటి పాస్‌వర్డులు మార్చండి. ఐపీఎంఐ వాడే 623 పోర్టును మిగతా ఆఫీసు నెట్‌వర్క్ నుంచి మూసేయండి.

పెట్టాక చేయవలసినవి రెండు ఉన్నాయి. స్విచ్‌లో పోర్టులను తానే వరసగా మార్చుకుంటూ పోయే ఆటోస్కాన్ ఉంటే ముందు దాన్ని ఆపండి. మీరు ఒక సర్వర్‌లో ఆదేశం సగం టైపు చేసేలోపు అది పక్క సర్వర్‌కు జారుకుంటుంది. సర్వర్ ఆఫ్ అయితే తానే వేరే పోర్టుకు దూకే సౌకర్యం కూడా ఇలాంటిదే. రెండోది, ప్రతి సర్వర్ లాగిన్ తెర మీద దాని పేరు పెద్దగా కనిపించేలా చేయండి. బ్యాకప్ సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తున్నాననుకుని ఒకసారి నేను నెలాఖరున జీతాల సర్వర్‌ను రీస్టార్ట్ చేశాను. తెర ఒకటే, కీబోర్డు ఒకటే, అక్షరాలు ఒకటే. లెక్కల విభాగం వాళ్లు మాత్రం వేరు.

స్విచ్ కరెంటు అడాప్టర్‌ను యూపీఎస్ మీదే పెట్టండి. సర్వర్ల యూఎస్‌బీ నుంచి కరెంటు లాక్కునే స్విచ్‌లు కూడా ఉన్నాయి, నాకు నచ్చవు. అలాంటి వాటికి కూడా అడాప్టర్ గుంత ఉంటే అడాప్టర్ కొని పెట్టండి. చెడిపోతే ముందు చెడేది ఆ చిన్న అడాప్టరే. దాని వోల్టేజీ, పిన్ను కొలత ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకు అంటించండి, ఎస్పీ రోడ్డులో పది నిమిషాల్లో దొరుకుతుంది.

చివర్లో ఫైర్‌వాల్‌నూ నెట్‌వర్క్ స్విచ్‌నూ కూడా కేవీఎంకు తగిలించవచ్చా అని అడిగారు. సాధారణంగా వాటికి తెర పోర్టే ఉండదు. కన్సోల్ అని రాసిన ఆర్‌జే45 పోర్టు నెట్‌వర్క్ పోర్టులాగే కనిపిస్తుంది కానీ అది సీరియల్, అక్షరాల ఆదేశాలు పంపే పాత రకం పోర్టు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్ ఒకటి కొనండి. ఎక్కువ వాటికి వేగం 9600, కొన్నిటికి 115200. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే వేగం తప్పు పెట్టారన్నమాట. పైకేవీఎంకు ఎలాగూ యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి కాబట్టి ఆ కేబుల్‌ను దానికే గుచ్చి, దానిలోకి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి ఆదేశాలు టైపు చేసే దారి) ద్వారా వెళ్లి ఫైర్‌వాల్‌ను చూసుకోవచ్చు. కాకపోతే ఆ ఫైర్‌వాలే పడిపోతే మీ వీపీఎన్ కూడా పడిపోతుంది. ఆ రోజు మాత్రం సిల్క్‌బోర్డు దాటవలసిందే. లేదా ర్యాక్‌లో ఒక 4జీ రౌటర్ విడిగా పెట్టుకోవాలి. మీ మూడు యంత్రాల మదర్‌బోర్డు మోడళ్లు రాయండి. వాటిలో ఏదైనా సర్వర్ బోర్డు అయితే దాని మీద కూడా బీఎంసీ ఉండవచ్చు. అప్పుడు 4 పోర్టులు కూడా ఎక్కువే అవుతాయి.